కాళ్లు ఆగే చోటు

జనవరి 19

ఇది రాయకుండానే ఉండేవాణ్ణి. నూలు దుకాణం వాళ్లు ఏటా ఒక డైరీ ఇస్తారు. మగ్గం కింద ఎత్తుకు పెట్టడానికి, బొద్దింకలను కొట్టడానికి తప్ప అవి మా ఇంట్లో దేనికీ పనికిరాలేదు. ఈ ఏడాదిది కూడా దాని దారిన దాన్ని పోనిద్దామనుకున్నాను. కానీ పొద్దున్నుంచి నోట్లోంచి ఒక్క మాట బయటికి రాలేదు. మాట్లాడకపోతే నాకు తిన్నది అరగదు. నా భార్య జములమ్మ అమరచింతకు వాళ్ల అన్న ఇంటికి వెళ్లింది. పది రోజుల్లో వస్తుంది. అప్పటిదాకా ఈ కాగితమే వినాలి.

జరిగింది పెద్ద సంగతేమీ కాదు. నిన్న పొద్దున మగ్గం మీద కూర్చునే వేళకు నేను మంచం మీద పడుకుని, కాళ్లు రెండూ దిండు మీద పెట్టుకుని ఉన్నాను.

"ఏందయ్యా, జరమొచ్చిందా?" అంది.

"జరం గాదే. కాళ్లు దాచుకుంటున్న. పందెం దాకా కాళ్లకు రెస్టు ఇయ్యాలె. వేరే పని జెప్పొద్దని పుణె వాళ్లు చెప్పిండ్రు."

కాసేపు నా కాళ్ల వంక చూసింది. ఆ చూపు నాకు తెలుసు. సంతలో పుచ్చిన వంకాయను అలాగే చూస్తుంది.

"దాచుకో. దేవుని అర్రలబెట్టి తాళమేసుకో" అంది. "మా వదినకు కంటి ఆపరేషనైంది. అన్న పక్కల కూసునెటోళ్లు లేరని నాలుగు రోజులాయె ఫోన్ జేయబట్టి. నేను పోత."

పోయింది.

మా మగ్గం ఒక్కరితో నడిచేది కాదు. గుంతలో దిగి కాళ్లతో చెక్కలు తొక్కేది నేను. నా కుడిపక్క పీట మీద జములమ్మ. చీర ఒళ్లు నూలు, అంచు పట్టు. అడ్డదారం మోసుకుని అటూ ఇటూ పోయే నాడె ఎవరిది వాళ్లకే. నూలూ పట్టూ కలిసే చోట ఆమె నాడె దారం, నా నాడె దారం ఒకదాన్నొకటి పట్టుకుంటేనే అది గద్వాల చీర, లేకపోతే మూడు ముక్కలు. ఒకరు లేచాక ఇంకొకరు కూర్చుని చేసేదేమీ లేదు. వనపర్తి వకీలమ్మ గారి మనవరాలి పెళ్లిచీర సగంలో ఉంది. వేరే మనిషిని కూర్చోబెడితే నేతలో గీత పడుతుంది. వెలుతురుకు పట్టుకుంటే చెయ్యి మారిన చోటు ఎవరికైనా కనబడుతుంది. జములమ్మ ఒప్పుకోదు. నేనూ ఒప్పుకోను. మగ్గం మీద దుప్పటి కప్పాను.

పది రోజులే కదా.

జనవరి 20

అన్నం మాడింది. పైది తిన్నాను.

జనవరి 22

పందెం గురించి కూడా రాసి పెడతాను. అరవై ఏడేళ్లు వచ్చాయి, రేపు నేనే మరిచిపోతే అడగడానికి ఎవరూ లేరు.

బండి పడుకుని తొక్కేది. నేలకు జానెడు ఎత్తులో వెల్లకిలా పడుకోవాలి, పెడళ్లు ముందుంటాయి. గాలి ఆపకుండా పైన వెదురు బద్దలతో, గుడ్డతో ఒక తొడుగు. రెండు కొసలూ సన్నగా, నడుమ లావుగా. అది నేను నేర్చుకుని గీసిన రూపం కాదు. పడుగు పోగుల మధ్యలోంచి ఎక్కడా తగలకుండా దూసుకుపోయే వస్తువు నా జన్మలో ఒకటే చూశాను, నాడె. దాన్నే మనిషి పట్టేంత పెద్దది చేశాను. వెల్డింగ్ స్టీఫెన్‌ది. బండి పూర్తయిన రోజు చుట్టూ తిరిగి చూసి, "మంచిగున్నది గానీ అన్నా, మావోళ్లను పండబెట్టే పెట్టె లెక్కున్నది" అన్నాడు. స్టీఫెన్ వాళ్ల చర్చిలో పెద్దమనిషి. పెట్టెలు కూడా చేస్తాడు. కొలతలు ఎక్కడ తెచ్చాడో నేను అడగలేదు.

పుణెలో ఇలాంటి బళ్ల సంఘం ఒకటి ఉంది. మోటారు లేకుండా, మనిషి కాళ్ల బలంతో నేల మీద ఎవరెంత వేగంతో పోయారో కొలిచి రాసుకుంటారు. అరవై అయిదు దాటిన వాళ్లలో దేశం మొత్తం మీద రికార్డు గంటకు అరవై ఒక్క కిలోమీటర్లు, దాన్ని దాటడమే నా పందెం. ఫోన్‌లో అది పెట్టిన ముసలాయన వీడియో చూశాను. ఆయన పిక్కలు చూశాను. తర్వాత నావి చూసుకున్నాను.

ఎందుకయ్యా ఇదంతా అని జములమ్మ అడిగింది. సరిగా చెప్పలేకపోయాను. మాటలు ఊరికే దొర్లే నోరు అక్కరకు వచ్చినప్పుడు మొరాయిస్తుంది. ఇక్కడ చెబుతాను. గుంతలో దిగి యాభై ఏళ్లు తొక్కాను. ఆ తొక్కుడు రోడ్డు మీద తొక్కి ఉంటే కాశీకి పోయి మళ్లీ వచ్చి, మళ్లీ పోయేవాణ్ణి. ఇక్కడ జానెడు కదల్లేదు. ఒక్కసారి, నేను తొక్కితే నేను కదలాలి.

జనవరి 28

పొద్దున్నే జమ్మిచేడు దాటాక ఉండే చదును రోడ్డు మీద తొక్కాను. స్టీఫెన్ వెనక మోటారు సైకిల్ మీద వచ్చాడు. బండి ఆపాక తల గోక్కున్నాడు.

"అన్నా, నీ బండికి ఎక్కిళ్లు పట్టినయ్."

చైను చూశాం. పళ్ల చక్రాలు చూశాం. చివరికి తొడుగు ఊడదీసి, నన్ను మళ్లీ తొక్కమని, పక్కనే వస్తూ కాళ్లు చూశాడు.

"బండికి గాదు, నీకే. తొక్కినప్పుడల్ల జర ఆగుతున్నవ్. ఎవరో వస్తరని జూసినట్టు ఆగుతున్నవ్. గట్లయితె యాభై గూడ దాటదు."

నాకు తెలిసిపోయింది. చెప్పలేదు. చైనుకు నూనె తక్కువైందన్నాను.

చెక్క తొక్కితే పడుగు రెండుగా విడిపోతుంది. నాడె దాటాలి. అంచు దగ్గర జములమ్మ దాన్ని అందుకుని, తన దారంతో ముడేసి, మళ్లీ ఇటు పంపాలి. అంతవరకు కాలు ఆగాలి. ఎంతసేపని ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. మాట ఉండదు, సైగ ఉండదు. ఆమె చెయ్యి దాటిందని నా కాలికి తెలుస్తుంది. పెళ్లైన కొత్తలో "ఆయె, ఆయె" అని చెప్పేది. మా కూతురు సింధూజ పుట్టేనాటికే ఆ మాట మానేసింది.

ఇప్పుడు జమ్మిచేడు రోడ్డు మీద, మనిషి లేని చోట, నా కాళ్లు ఆగి చూస్తున్నాయి.

ఫిబ్రవరి 2

పది రోజులు దాటాయి. కంటి సంగతి కదా, డాక్టర్లు ఊరికే వదలరు.

జూరాల డ్యామ్ దాకా బస్సులో వెళ్లి వచ్చాను. చేపల కోసం. అక్కడ వేయించి అమ్మే చేపలు ఇంకెక్కడా దొరకవు. డ్యామ్ దాటితే అమరచింత దగ్గరే, కానీ నేను వెళ్లింది చేపల కోసం.

ఫిబ్రవరి 9

ఇవాళ నవ్వి నవ్వి పక్కటెముకలు పట్టేశాయి. తొడుగు గుడ్డ బిగువుగా నిలవాలి. స్టీఫెన్ వార్నిష్ పూయమన్నాడు. నూలుకు వార్నిష్ ఏంట్రా, మా తాత ముత్తాతలు పడుగుకు పెట్టింది గంజే, బిగువంటే గంజే అని వాడికి పెద్ద ఉపన్యాసమిచ్చాను. గద్వాల కోట కట్టిన నాటి నుంచి మొదలుపెట్టి, చీరను అగ్గిపెట్టెలో పట్టించిన వాళ్ల దాకా వచ్చాను. వాడు వెల్డింగ్ కళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు. లోపల నిద్రపోయాడని తర్వాత తెలిసింది.

చిక్కటి గంజి రెండు పూతలు పెట్టాను. ఎండితే డప్పు లాగ మోగింది. తెల్లారి మంచుకు ఉతికిన దుప్పటిలా జారింది. సరే, ఎండ వస్తే బిగుస్తుందని రోడ్డు పక్కన పెట్టి టీ తాగడానికి వెళ్లాం. వచ్చేసరికి మేకల మంద బండి చుట్టూ చేరి నాకుతోంది. ఒకటి తోక వైపు గుడ్డంతా నమిలి, లోపల తల పెట్టింది. కాపరి, "మీ బండి మంచి రుచున్నట్టుంది పెద్దాయినా" అన్నాడు. స్టీఫెన్ రోడ్డు మీద కూర్చుండిపోయి నవ్వాడు.

వార్నిష్ పూశాం.

ఈ సంగతి జములమ్మకు చెప్పాలి. ఆమె నవ్వితే ముందు శబ్దం రాదు, భుజాలు ఊగుతాయి. ఫోన్ చేశాను. వాళ్ల అన్న, భీమయ్య బావ ఎత్తాడు.

"మగ్గం మీదున్నది. ఏమన్న జెప్పాల్నా?"

"ఏం లేదు బావా. మేకల సంగతి."

"మేకలు గొన్నవా?"

"లేదు."

"మరి?"

"ఏం లేదు, పెట్టేస్త."

ఫిబ్రవరి 14

వకీలమ్మ గారు ఫోన్ చేశారు. చీర ఎంతవరకు వచ్చిందమ్మా అని. నా గొంతు విని, ఆమె లేరా అన్నారు. ఊరెళ్లింది, వచ్చేస్తుంది అన్నాను.

ఫిబ్రవరి 21

చేపల కోసం వెళ్లాను. డ్యామ్ దగ్గర దిగి, చేపలు కాగితంలో కట్టించుకుని, వెనకొచ్చిన అమరచింత బస్సు ఖాళీగా ఉందని ఎక్కాను.

వాళ్ల సందులో ఏడెనిమిది మగ్గాలుంటాయి. అన్నీ ఒకేసారి మోగుతుంటే కొత్తవాళ్లకు వాన పడ్డట్టు ఉంటుంది. నాకు ఏది ఎవరిదో తెలుస్తుంది. భీమయ్య బావ ఇంటి కిటికీ కింద నిలబడ్డాను. ఆయన కాలు మెల్లన. తొక్కి, ఆగి, ఆవులించినంత సేపు ఆగి, మళ్లీ తొక్కుతాడు. అన్నాచెల్లెళ్లు చిన్నప్పుడు ఒకే మగ్గం మీద పని నేర్చుకున్నారు. ఆమె చెయ్యి ఎప్పుడో దాటింది, ఆయన కాలు ఇంకా ఆగే ఉంది.

"నీకు కాళ్లున్నయా, అమ్ముకున్నవా అన్నా?" అంది లోపల జములమ్మ.

"మీ ఆయన లెక్క దాచుకుంటున్న" అన్నాడాయన.

ఆమె నవ్విందో లేదో తెలియదు. ముందు శబ్దం రాదు కదా.

తలుపు తట్టడానికి చెయ్యెత్తాను. ఏం చెప్పాలి? రా అంటే, వచ్చి ఎవరి పక్కన కూర్చోవాలి అంటుంది. పందెం అయ్యేదాకా గుంతలో దిగనని నేనే అన్నాను. చెయ్యి దించుకున్నాను. చేపలు బస్టాండులో కూర్చుని నేనే తిన్నాను. చల్లారి ఉన్నాయి.

ఫిబ్రవరి 22

స్టీఫెన్‌కు చెప్పేశాను, ఎక్కిళ్లెక్కడివో. చేతిలోని పానా కింద పెట్టి, "పోయి పిలుసుకరా అన్నా. బండి యాడికి పోదు" అన్నాడు.

"వస్తనన్నది. వస్తది."

"పది రోజులన్నదంటివి. నెల దాటె."

"పుణె వాళ్లకు మాటిచ్చినం తమ్మీ."

"నేనియ్యలే" అన్నాడు. కానీ సాయంత్రం ఉపాయం వాడే చెప్పాడు. వాడి దుకాణం పక్కన పిండి గిర్నీ ఉంది. బెల్టు చప్పుడు ఎక్కడా తెగదు, ఊపిరి కూడా తీసుకోదు. దాన్ని ఫోన్‌లో ఎక్కించి, చెవుల్లో పెట్టుకుని తొక్కాలి. కాలు గిర్నీ మాట వినాలి గానీ వేరే ఎవరి మాటా వినకూడదు.

మార్చి 1

గిర్నీ చప్పుడు. పొద్దున, సాయంత్రం. అన్నం తినేటప్పుడు కూడా.

మార్చి 6

ఇవాళ ఆగలేదు. రోడ్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్కసారి కూడా ఆగలేదు. చెవుల్లోంచి గిర్నీ తీసేసి కూడా తొక్కి చూశాను. ఆగలేదు. స్టీఫెన్ రోడ్డు మీద గంతులేశాడు, ఆ వయసులో వాడి నడుముకు మంచిది కాదు. "ఎక్కిళ్లు పోయినయ్ అన్నా! నీళ్లు పోసినట్టు పోతున్నవ్!"

సంతోషంగా ఉంది. సంతోషంగానే ఉంది.

ఇంటికొచ్చి మగ్గం మీద దుప్పటి దులిపి మళ్లీ కప్పాను. చీరను ముట్టుకోలేదు.

మార్చి 7

చేపల కోసం వెళ్లాను. డ్యామ్ దగ్గర్నుంచి వెనక్కి వచ్చేశాను.

మార్చి 16

నాగర్‌కర్నూల్ దగ్గర కొత్తగా వేసిన రోడ్డు, ఇంకా బళ్లకు వదలలేదు. సింధూజ అక్కడే టీచరు కాబట్టి అడగాల్సిన వాళ్లను అడిగి ఒప్పించింది. పుణె నుంచి ఇద్దరు వచ్చారు. ఒకతనికి తెలుగు రాదు, ఇంకొకతను అసలు మాట్లాడడు. మాకు సరిపోయింది. స్టీఫెన్ ప్రార్థన చేశాడు. మా దేవుళ్లకు కూడా వాడే చెప్పుకున్నాడు, నేను మరిచిపోతానని.

నియమం ఏమిటంటే, ఒక వైపు పోతే చాలదు. గాలి సాయం చేసిందంటారు. గంటలోపల బండి తిప్పి, అదే రోడ్డు మీద వెనక్కి రావాలి. రెండూ కలిపి సగం చేస్తారు. ఈ నియమం పెట్టినవాడెవడో గాని మగ్గం నేసినవాడే అయి ఉంటాడు. నాడె ఒక వైపు పోతే దాన్ని నేత అనరు.

పోయేటప్పుడు సంగతి పెద్దగా గుర్తు లేదు. ప్లాస్టిక్ కిటికీలో రోడ్డు పరుపు చుట్టలా విప్పుకుంటూ వచ్చింది. తొక్కితే కదిలాను. అబ్బా, కదిలాను! యాభై ఏళ్ల బాకీ అంతా చక్రాల్లోకి దిగింది. అది రాయడానికి నాకు చేతకాదు.

వచ్చేటప్పుడు ఒకటి జరిగింది. సగం దారిలో, పూర్తి వేగం మీద ఉండగా, నా కుడిచెయ్యి పట్టు వదిలి దానంతట అది పక్కకు పోయింది. నాడె అందుకోవడానికి పోయినట్టు పోయింది. వేళ్లకు తొడుగు తగిలింది. వార్నిష్ పూసిన గుడ్డ, గట్టిగా, వేడిగా. కాళ్లు మాత్రం ఆగలేదు.

అరవై రెండు పైన వచ్చింది. మాట్లాడని అతను మాట్లాడాడు, "చాంగ్లా" అన్నాడు. మంచిదని అర్థమట. సింధూజ ఏడ్చింది. స్టీఫెన్ ఏడ్చి, పొగ పడిందన్నాడు. అక్కడ పొగ లేదు.

ఉప్మా తింటూ సింధూజను అడిగాను, అమ్మకు చెప్పావా అని.

"చెప్పిన నాయినా. 'పడలే గద?' అనడిగింది. పడలే అన్న. 'మంచిది' అని పెట్టేసింది."

"ఇంకేమన్లే?"

"ఇంకేమన్లే."

మార్చి 17

రోజంతా పడుకున్నాను. కాళ్లు దాచుకోవడానికి ఇప్పుడు కారణం లేదు.

మార్చి 29

మధ్యాహ్నం ఆటో చప్పుడైంది. జములమ్మ. సంచి గుమ్మంలో పెట్టి, ముందు నన్ను కాదు, మగ్గాన్ని చూసింది. దుప్పటి కొస ఎత్తి చూసింది. ఎలుక కొట్టలేదని చూసుకుని దించింది.

"నీకోసం రాలే" అంది. "వదినకు కన్ను మంచిగైంది. తన పీట మీద తను కూసుంది. ఆడ నాకేం పని?"

"మంచిదే."

"సిక్కిపోయినవ్. ఏం తిన్నవ్ ఇన్ని దినాలు?"

"చేపలు."

"ఆ బస్టాండుల కూసోని తిన్నయేనా?" అంది. సందు కొస ఇంటామె చూసిందట. "తలుపు తట్టనీకె చెయ్యి రాలేదా? చెయ్యి గూడ దాచుకుంటివా?"

లోపలికి పోయి టీ పెట్టింది. గ్లాసు నా ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది.

"గెలిచినవంట."

"ఆఁ."

"ఎంత దూరం పోయినవ్?"

"రోడ్డు ఆ కొస దాక."

"మల్ల?"

"మల్ల తిప్పుకుని వెనక్కి."

"యాడ మొదలువెట్టినవో ఆడికే?"

"ఆడికే."

"అంటె యాడికి పోయినట్టు?"

ఆలోచించాను. "యాడికి పోలే" అన్నాను.

భుజాలు ఊగాయి. ముందు శబ్దం రాలేదు. తర్వాత వచ్చింది. మేకల సంగతి అప్పుడు చెప్పాను. కొంగు నోట్లో కుక్కుకుంది. ఇల్లు ఇల్లులా ఉంది. రేపు పొద్దున మగ్గం మీద కూర్చుందాం అంది. వకీలమ్మ గారి మనవరాలి పెళ్లి దగ్గర పడింది.

మార్చి 30

స్నానం చేసి గుంతలో దిగాను. చెక్కలు కాళ్లకు చల్లగా తగిలాయి. ఆమె పీట జరుపుకుని కూర్చుంది. భుజం నుంచి భుజానికి అదే ఎడం. ఆమె ఒంటి మీద గంజి వాసన, కొబ్బరినూనె వాసన. ఇన్నాళ్లూ నేను వెళ్లింది చేపల కోసం కాదు. రాసేశాను, అయిపోయింది.

తొక్కాను. నాడె వేశాను. ఆమె అందుకుంది. అంతలో నా రెండో కాలు తొక్కేసింది.

పడుగు మూసుకుంది. ఆమె నాడె మధ్యలో చిక్కింది. రెండు పోగులు తెగాయి.

"ఏమాయె?" అంది.

"ఏం లే. అలవాటు తప్పింది."

పోగులు ముడేసింది. మళ్లీ తొక్కాను. ఈసారి ఆగాలని పళ్లు బిగించాను. కాళ్లకు నేనేమీ కాను. ఆమె వేళ్లు ఇంకా అంచులో ఉండగానే తొక్కేశాయి. చెయ్యి వెనక్కి లాక్కుంది. వేలు చీరుకుంది. నోట్లో పెట్టుకుని నా మొహం చూసింది. వంకాయను చూసినట్టు కాదు. అలా చూడడం నేను ఎప్పుడూ చూడలేదు.

"నన్ను జూస్తలేవు" అంది మెల్లగా.

"చూడకనే తెల్సేది గదనే ఇంతకు ముందు" అన్నాను. గిర్నీ సంగతి చెప్పాను. ఆగడం ఎలా మాన్పించామో, ఎన్ని రోజులు పట్టిందో, స్టీఫెన్ ఎలా గంతులేశాడో. నవ్వులాటగా చెప్పాలని మొదలుపెట్టాను. సగంలో నవ్వులాట అయిపోయింది.

ఆమె లేచి పోతుందనుకున్నాను. లేవలేదు. చీరిన వేలికి పాత గుడ్డ పేలిక చుట్టుకుంది. పీట ఇంకొంచెం దగ్గరికి జరుపుకుంది.

"తొక్కు" అంది.

తొక్కాను.

"ఆగు." నాడె అందుకుంది. దారం కలిపింది. ఇటు పంపింది. "ఆయె."

తొక్కాను.

"ఆగు... ఆయె."

సాయంత్రందాకా అలాగే. వెలుతురుకు పట్టుకుంటే పాత నేతకూ కొత్త నేతకూ మధ్య గీత కనబడుతోంది. చెయ్యి మారినట్టే ఉంది. ఆమె చూసింది, మళ్లీ నాడె తీసుకుంది.

నాలుగు వేళ్ల మేర నేశాం. దీపం పెట్టే వేళకు జములమ్మ గొంతు బొంగురుపోయింది. మిరియాల పాలు కాచి ఇచ్చాను.